ర్యాంకింగుల్లో మన బల్లెం ఏమైంది? యూఎస్ఏ ట్రాక్ అండ్ ఫీల్డ్ పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికా అథ్లెటిక్స్ వ్యవహారాలు చూసే, ఇండియానాపొలిస్‌లోని యూఎస్ఏ ట్రాక్ అండ్ ఫీల్డ్ పెద్దలకు,

డాలస్ శివార్ల నుంచి తొమ్మిదో తరగతి పిల్లాడి తండ్రి ఒకడు నమస్కరించి రాయునది.

2025 సెప్టెంబరు 18, తెల్లవారుజామున ఐదు దాటింది. టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ మగవాళ్ళ జావెలిన్ ఫైనల్. మా ఇంట్లో టీవీ ముందు రెండు పార్టీలు. నేనూ మా ఆవిడా నీరజ్ చోప్రా వైపు. ఆ రోజు ఆయన చెయ్యి ఆడక ఎనిమిదో స్థానంలో ఆగిపోయేసరికి సచిన్ యాదవ్ వైపు జరిగాం. మావాడు మాత్రం మొదటినుంచీ కర్టిస్ థాంప్సన్ పక్షమే. న్యూజెర్సీ కుర్రాడు. ట్రినిడాడ్ వాల్కాట్ 88.16 మీటర్లతో స్వర్ణం, గ్రెనడా పీటర్స్ 87.38తో రజతం పట్టుకుపోయారు. మా ఇంటి పంచాయితీ కాంస్యం దగ్గర తేలింది. థాంప్సన్ 86.67, సచిన్ 86.27. మూరెడు కూడా లేదు తేడా.

"నాన్నా, 2007 తర్వాత మనకిదే మెడల్!" అని మావాడు సోఫా మీంచి దూకాడు. ఆ 'మనకి' అన్నమాట నా చెవిలో కాసేపు ఆడింది. సరే, వాడు చెప్పింది నిజమే. పద్దెనిమిదేళ్ళు.

వాడు అంతకు నెల ముందే హైస్కూల్లో చేరాడు. చేరిన వారానికే ట్రాక్ కోచ్‌ని అడిగాడు, జావెలిన్ ఎప్పుడు మొదలుపెడతారని. ఆయన మంచివాడు. భుజం తట్టి, "డిస్కస్ ఉంది, షాట్‌పుట్ ఉంది. జావెలిన్ మన రాష్ట్రం హైస్కూల్ పోటీల జాబితాలోనే లేదు బాబూ, నేను చెయ్యగలిగిందేం లేదు" అన్నాడట. పద్నాలుగేళ్ళవాడికి అక్కడితో కథ అయిపోయింది. ఈ ఉత్తరం అక్కడ మొదలైంది.

ఇంగ్లీషు కాపీ మీకు పోస్టులో పంపుతున్నాను. తెలుగులో ఎందుకంటే, ఈ చుట్టుపక్కల మా తెలుగు పిల్లలు చదువుతున్న హైస్కూళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ అమ్మానాన్నలు కూడా చదవాలి. మాలో చాలామందికి ట్రాక్ అంటే కాలేజీ అప్లికేషన్‌లో నింపాల్సిన ఒక గడి. నేనూ ఆ బాపతే, నాలుగేళ్ళ కిందటిదాకా.

మీకు తెలియని చరిత్ర నేనేం చెప్పను. కానీ ఒక్కసారి వరసగా చూడండి. ట్రాక్ అండ్ ఫీల్డ్ న్యూస్ పత్రిక 1947 నుంచి ఏటా ఒక్కో ఈవెంటుకు ప్రపంచంలో మొదటి పదిమందిని ఎంచి ప్రకటిస్తోంది. వంద మీటర్లు తీయండి, షాట్‌పుట్ తీయండి, అమెరికన్ పేరు కళ్ళు మూసుకుని వేలు పెట్టినా తగులుతుంది. మగవాళ్ళ జావెలిన్ దగ్గరికి వచ్చేసరికి భూతద్దం కావాలి. ఒలింపిక్స్‌లో ఈ దేశానికి ఇందులో వచ్చిన స్వర్ణం ఒక్కటే. 1952లో హెల్సింకిలో సై యంగ్ 73.78 మీటర్లు విసిరాడు, రెండో స్థానం కూడా మనవాడిదే. చివరి పతకం 1972లో మ్యూనిక్‌లో బిల్ ష్మిట్ తెచ్చిన కాంస్యం. ఆ తర్వాత ఈ దేశానికి అధ్యక్షులు ఎందరో మారారు, దిగిపోయినవాళ్ళలో ఒకాయన మళ్ళీ వచ్చాడు కూడా. మగవాళ్ళ జావెలిన్‌లో మాత్రం ఒలింపిక్ పతకం మళ్ళీ రాలేదు. రియో, టోక్యో, పారిస్ మూడు ఒలింపిక్స్‌లోనూ ఫైనల్‌కు చేరిన పన్నెండు మందిలో ఒక్క అమెరికన్ లేడు.

పోనీ, మనకు చేతకాని విద్యా అంటే అదీ కాదు. 80 మీటర్లు దాటించిన మొదటి మనిషి బడ్ హెల్డ్ అమెరికన్, 1953లో, పాసడీనాలో. ఆయనా ఆయన సోదరుడూ కలిసి గాలిలో తేలే బల్లేన్ని తయారుచేస్తే, దాని దెబ్బకు అంతర్జాతీయ సమాఖ్య రూల్సే తిరగరాసుకుంది. 1983లో టామ్ పెట్రనాఫ్ లాస్ ఏంజిలిస్‌లో 99.72 విసిరాడు. వందకు 28 సెంటీమీటర్లు తక్కువ. మర్నాటి ఏడాది తూర్పు జర్మనీ ఊవె హోన్ 104.80 విసిరేసరికి, ఇక స్టేడియం చాలదని భయపడి, 1986 నుంచి బల్లెం బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు. అప్పటినుంచీ అది గాలిలో తేలడం తగ్గి, ముక్కు ముందు దిగుతోంది. ఆ కొత్త బల్లెంతోనూ బ్రో గ్రీర్ 2007లో మీ ఇండియానాపొలిస్‌లోనే 91.29 విసిరాడు. ఆయనదో గాథ. 2004లో ఏథెన్స్ క్వాలిఫయింగ్‌లో అందరికన్నా దూరం, 87.25. అప్పటికే మోకాలు దెబ్బతిని ఉంది. ఫైనల్‌లో కాలు నిలవక పన్నెండో స్థానం. ఒక్క మనిషి మోకాలి మీద ఒక దేశం మొత్తం ఈవెంటు నిలబడితే ఇలాగే ఉంటుంది.

మీరు అనొచ్చు, పారిస్ ఒలింపిక్స్‌లో 34 పతకాలు తెచ్చాం, 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో 16 స్వర్ణాలు తెచ్చాం, ఈయనెవరో ఒక్క బల్లెం పట్టుకుని సతాయిస్తున్నాడేంటని. ఆ 34 వల్లే ఈ ఖాళీ మీకు కనబడటం లేదని నా ఫిర్యాదు. గ్రెనడా జనాభా లక్షకు కాస్త పైన. ఆ దీవి నుంచి వచ్చిన పీటర్స్ 2019లో దోహాలో, 2022లో ఒరెగాన్ యూజీన్‌లో, అంటే మన గడ్డ మీదే, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. యూజీన్‌లో మనకు మొత్తం 33 పతకాలు. అక్కడ మగవాళ్ళ జావెలిన్ పోడియం మీద గ్రెనడా, ఇండియా, చెక్.

విసిరే చేతులకు ఈ దేశంలో కరువా? గంటకు 95 మైళ్ళ వేగంతో బేస్‌బాల్ విసిరే పిల్లలు ఊరికొకడు ఉన్నాడు. 60 గజాల అవతలకు చేత్తో అమెరికన్ ఫుట్‌బాల్ పంపే క్వార్టర్‌బ్యాక్‌లు మా టెక్సాస్‌లో వీధికొకడు. ఆ చేతికి బల్లెం పట్టుకోవడం ఎలా ఉంటుందో చూసే రోజే రాదు.

ఇప్పుడు అసలు సంగతి. పతకం తెచ్చినవాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారో చూడండి. థాంప్సన్‌ది న్యూజెర్సీ. ష్మిట్‌ది పెన్సిల్వేనియా. గ్రీర్ పుట్టింది మా టెక్సాస్‌లోనే అయినా పెరిగింది లూసియానాలో. 2022లో యూజీన్‌లో ఆడవాళ్ళ జావెలిన్ రజతం గెలిచి, కొన్ని వారాలకే బ్రసెల్స్‌లో 68.11తో దేశ రికార్డు రాసిన కారా వింగర్‌ది వాషింగ్టన్ రాష్ట్రం. ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ హైస్కూల్ పోటీల్లో జావెలిన్ ఉంది. టెక్సాస్‌లో లేదు, కాలిఫోర్నియాలో లేదు. జనంలో ఈ దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రాలు ఇవే రెండూ. కాలేజీకి వెళ్ళాక నేర్చుకుని పైకొచ్చినవాళ్ళు లేరని కాదు. ఉన్నారు. కానీ పద్దెనిమిదేళ్ళకు అ ఆలు దిద్దించి, ఇరవై రెండేళ్ళకు కావ్యం రాయమంటే ఎంతమంది రాస్తారు?

ఈ వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ ఒకటుంది, దాచను. డిస్కస్ దాదాపు ప్రతి హైస్కూల్లోనూ ఉంది. 1956 నుంచి 1968 దాకా వరసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఆల్ ఓర్టర్ దేశం ఇది. అయినా మగవాళ్ళ డిస్కస్‌లో 1984 తర్వాత ఒలింపిక్ పతకం లేదు. పైగా చోద్యం చూడండి, డిస్కస్ ప్రపంచ రికార్డు ఇప్పుడు ఓక్లహోమాలో రమోనా అనే చిన్న ఊళ్ళో, ఆ మైదానం గాలిలో పుట్టింది. 2024లో 74.35, 2025లో 75.56. విసిరినవాడు బర్కిలీలో చదివిన లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా. కాబట్టి జాబితాలో పేరు చేరిస్తేనే అంతా అయిపోదు. బడిలో 1.6 కిలోల డిస్కస్ విసిరినవాడు కాలేజీలో 2 కిలోలది అందుకునేలోపే, ఆ ఎత్తూ ఆ భుజాలూ చూసి ఫుట్‌బాల్ వాళ్ళు ఎత్తుకుపోతారు. కానీ అదే డిస్కస్‌లో ఆడపిల్లలను ఎత్తుకుపోయే ఫుట్‌బాల్ లేదు. వాలరీ ఆల్‌మన్ వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చింది. విత్తనం ఉన్నచోట ఎప్పుడో ఒకప్పుడు మొలక వస్తుంది. మగవాళ్ళ 1500 మీటర్లలో 1908 తర్వాత ఇంకో ఒలింపిక్ స్వర్ణంతో సెంట్రోవిట్జ్ వచ్చేదాకా 108 ఏళ్ళు పట్టింది, 2016లో వచ్చాడు. ఎనిమిదేళ్ళకే పారిస్‌లో కోల్ హాకర్ ఇంకో స్వర్ణం తెచ్చాడు. ఆడవాళ్ళ 800 మీటర్లలో 1968 తర్వాత మళ్ళీ స్వర్ణం 2021లో అథింగ్ ము. ఆ ఖాళీలు నిండాయంటే, ప్రతి బడిలోనూ పిల్లలు ఏదో ఒక దూరం పరిగెత్తుతూనే ఉన్నారు కాబట్టి నిండాయి.

జావెలిన్ ఎందుకు లేదని అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే: ప్రమాదం, ఇన్సూరెన్స్. ప్రమాదం కాదని నేననను. ఇనుప మొన ఉన్న వస్తువది. ప్రకాశం జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో మాకున్న జావెలిన్ వెదురుది. మొనకు కమ్మరి చేసిచ్చిన ఇనుప ములుకు, పట్టు దగ్గర పురికొస చుట్టి ఉండేది. అరచేతులు పొక్కులెక్కేవి. డ్రిల్లు మాస్టారు సున్నంతో ఒక గీత గీసేవారు. విజిల్ వేస్తేనే విసరాలి. అందరూ విసిరాక, ఇంకో విజిల్‌కి అందరూ కలిసే వెళ్ళి తెచ్చుకోవాలి. ఒక్కడు ముందుకు అడుగేసినా ఆ రోజుకు వాడికి ఆట బంద్. ఒకసారి నేను విజిల్ వినకుండా పరిగెత్తాను. మాస్టారు కొట్టలేదు. వారం రోజులు నాచేత ఆ గీత గీయించారు. రోజూ పొద్దున్నే సున్నం తట్ట మోసుకుంటూ ముప్ఫై గజాలు. ఆ వారంలో నేర్చుకున్న జాగ్రత్త నేటికీ పోలేదు, కారు వెనక్కి తీసేటప్పుడు కూడా. మా బడిలో మేము చదివినన్నాళ్ళూ ఎవరికీ ములుకు తగల్లేదు. అక్కడ ఇన్సూరెన్సూ లేదు, రబ్బరు మొనా లేదు. ఇక్కడ రెండూ దొరుకుతాయి.

డాలస్ పక్కనే ఆలెన్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. 2012లో తెరిచారు, 6 కోట్ల డాలర్లు, 18,000 మంది పట్టేది. మావాడి స్కూల్ అది కాదు లెండి. ఆ స్టేడియం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఒకడి తల ఇంకొకడి తలకు డీకొట్టే ఆటకు దొరికిన ఇన్సూరెన్సు సున్నపు గీతా విజిలూ ఉన్న ఆటకు దొరకదా అని.

ఇన్సూరెన్సు మాట వచ్చింది గనక ఇంకోటి. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జావెలిన్ స్వర్ణం గెలిచింది బేబ్ డిడ్రిక్సన్. టెక్సాస్ బోమాంట్‌లో పెరిగిన పిల్ల. అప్పుడామె ఉద్యోగం ఎక్కడనుకున్నారు? డాలస్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో. ఆటలకోసమే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. దేశంలోని పోటీల్లో ఆ కంపెనీ జట్టు తరఫునే ఆమె బల్లెం విసిరింది.

ఇక ర్యాంకింగుల లెక్క. ఇప్పుడు అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ ఇచ్చే ర్యాంకింగ్ అంటే చాలా ఈవెంట్లకు ఏడాదిలోపు ఐదు మంచి ఫలితాల సగటు. దూరానికి కొన్ని పాయింట్లు, వచ్చిన స్థానానికి కొన్ని, మీట్ పెద్దదైతే ఇంకొన్ని. ఒలింపిక్స్‌లోకి ఈ తలుపు గుండా వెళ్ళేవాళ్ళు చాలామందే. మా విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజినే చూడండి. పారిస్ వంద మీటర్ల హర్డిల్స్‌కు అర్హత ప్రమాణం 12.77 సెకన్లు, ఆమె బెస్టు 12.78. సెకనులో నూరో వంతు. ర్యాంకింగే ఆమెను లోపలికి పంపింది. కానీ జావెలిన్‌కు పాయింట్లు పండే పొలాలు ఫిన్లాండ్‌లో టుర్కు, చెక్‌లో ఒస్త్రావా లాంటి చోట్ల ఉన్నాయి. అక్కడికి పిలుపు రావాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు రావాలంటే పిలుపు కావాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. థాంప్సన్ 2025 జూలైలో బెంగళూరు కంఠీరవ స్టేడియందాకా వచ్చి, నీరజ్ పేరిట పెట్టిన పోటీలో విసిరాడు. అమెరికా ఛాంపియన్‌కు మంచి జావెలిన్ పోటీ బెంగళూరులో దొరకడం ఇండియావాడిగా నాకు గర్వమే. ఇక్కడ పన్ను కట్టేవాడిగా మాత్రం కాస్త సిగ్గేసింది.

విదేశీ విద్యార్థులు మన కాలేజీ సీట్లు ఎత్తుకుపోతున్నారని కొందరంటారు. ఆ పాట నేను పాడను. నేనే వలస వచ్చినవాణ్ణి. పైగా పీటర్స్, థాంప్సన్ ఇద్దరూ చదివింది ఒకే మిసిసిపి స్టేట్‌లో. పక్కన గట్టివాడు విసురుతుంటేనే మనవాడూ దూరం విసురుతాడు.

మీరు ఏమీ చెయ్యడం లేదనీ అనను. వేసవిలో మీ జూనియర్ ఒలింపిక్స్‌లో చిన్నపిల్లలకు టర్బోజావ్ అనే ప్లాస్టిక్ బల్లెం ఉంది. దాన్ని తయారుచేసింది 99.72 పెట్రనాఫే. పదమూడు దాటినవాళ్ళకు అసలు జావెలిన్ కూడా ఉంది. కానీ ఆ వేసవి నెలన్నరకే. పిల్లాడి ప్రపంచం బడి. ట్రాక్ సీజన్ వసంతంలో, బడిలో, స్నేహితుల మధ్య నడుస్తుంది. రాష్ట్ర జాబితాలు మీ చేతిలో లేవని నాకు తెలుసు. కానీ మీ చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. ముందుకొచ్చే బడులకు తలా నాలుగు రబ్బరు మొన బల్లేలు ఇవ్వండి. షాట్‌పుట్ నేర్పే కోచ్‌లకే రెండు రోజుల శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టండి. మీరు అనుమతిచ్చిన పోటీలకు మీ ఇన్సూరెన్సు వర్తిస్తుంది కదా, ఆ గొడుగు కిందే మార్చి, ఏప్రిల్‌లలో, జావెలిన్ లేని రాష్ట్రాల హైస్కూల్ పిల్లలకోసం శనివారాలు మీట్లు పెట్టండి. పాయింట్లు లేకపోయినా ఫర్వాలేదు, కొలత రాసి ఇస్తే చాలు. రెండేళ్ళు ఎవరికీ ములుకు తగలకుండా నడిపి, ఆ కాగితం పట్టుకుని టెక్సాస్ వాళ్ళ గుమ్మం ఎక్కండి. కోచ్‌ల మహాసభలకు థాంప్సన్‌నూ వింగర్‌నూ పంపండి. మెడలో పతకం ఉన్నవాళ్ళు అడిగితే కాదనడం కష్టం.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. 2021 ఆగస్టు 7, శనివారం పొద్దున్నే నీరజ్ 87.58 విసిరి స్వర్ణం గెలిచినప్పుడు వాడికి పదేళ్ళు. ఆ రోజంతా పెరట్లో చీపురుకర్ర విసిరి కంచె పలక ఒకటి విరగ్గొట్టాడు. ఈ ఏడాది పుట్టినరోజుకు 700 గ్రాముల జావెలిన్ ఆన్‌లైన్లో కొన్నాను. మనిషికన్నా పొడుగు డబ్బాలో వచ్చింది. మర్నాడు పార్కుకు తీసుకెళ్తే, మూడో విసురుకు పార్కు సిబ్బంది ఒకాయన వచ్చి మర్యాదగానే వద్దన్నాడు. ఆయన తప్పేం లేదు, అది పార్కు. ఇప్పుడు ఆదివారాలు నలభై నిమిషాలు డ్రైవ్ చేసి ఒక క్లబ్బు మైదానానికి వెళ్తున్నాం. అక్కడా నేనే సున్నపు గీత గీస్తాను, విజిల్ కూడా నాదే.

వసంతం సీజన్‌కు మావాడు డిస్కస్‌కు పేరిచ్చాడు. 2028 జూలైలో బేబ్ డిడ్రిక్సన్ విసిరిన ఆ లాస్ ఏంజిలిస్ కొలీజియంలోనే మళ్ళీ ఒలింపిక్స్. అప్పటికి వాడికి పదిహేడు. టికెట్లు కొనమని ఇప్పటినుంచే గొడవ, జావెలిన్ ఫైనల్ రోజువే కావాలట. బల్లెం గరాజ్‌లో నిచ్చెన పక్కన ఆనించి ఉంది. మొనకు పాత టెన్నిస్ బంతి గుచ్చాను.

ఇట్లు,
డాలస్ నుంచి, ఒక పిల్లాడి తండ్రి